తోడు లేకుండా పంపిన తాటిటెంకలు

తాటిపండు వాసన గిట్టని మనిషి మా ఇంట్లో ఒకరున్నారు, మా ఆయన. ఖమ్మంలో ఖానాపురం హవేలిలోని మా ఇంటికి తాటిపండు వచ్చిందంటే ఆయన కుర్చీ తీసుకుని గేటు దగ్గరకు వెళ్లి కూర్చుంటారు. "చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుంటేనే బండెక్కు" అని షరతు పెడతారు. నాకేమో ఆ వాసన తగిలితే చాలు, పినపాక మండలంలో గోదావరి ఒడ్డునున్న మా చిన్న బడి, దాని వెనక రేకుల వంటగది, అందులో పొగకు కళ్లు చిట్లించుకుని కూర్చున్న పెద్దమ్మ గుర్తొస్తారు. శ్రావణం దాటిందంటే ఇప్పటికీ ఖమ్మం బజారంతా తిరిగి తాటిపండ్లు వెతుక్కుంటాను.

రెండు వేలు దాటిన తొలి సంవత్సరాలవి. సోమవారం చీకటితోనే బస్సెక్కి వెళ్లేదాన్ని, వారమంతా మణుగూరులో కిరాయి గదిలో ఉండి శనివారం సాయంత్రానికి వాపసు వచ్చేదాన్ని. బడికి ఇద్దరం టీచర్లం. రెండో ఆయనకు ఎప్పుడూ మండలాఫీసులో పని. ఊళ్లో అందరూ అడవిని, కాస్త పొలాన్ని, కూలి పనిని నమ్ముకుని బతికేవాళ్లు. వాళ్లలో వాళ్లు తమ భాషలో మాట్లాడుకునేవాళ్లు, నాతో మాత్రం తెలుగు. పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే ఆమెను ఊరంతా పెద్దమ్మ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆమెకు అసలు కోపమే రాదు. అందుకే మాకిద్దరికీ బాగా కుదిరింది.

ఒక ఎండాకాలం మా పిన్ని ఖమ్మం వచ్చింది. మా అమ్మ పోయాక నాకు పుట్టిల్లంటే పిన్ని ఇల్లే. ఆమె ఊరు గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల ఉంటుంది. ఏటా మిరపకాయల కోసం వచ్చి ఎండుచేపలిచ్చి పోయేది. తాటిపండుకే గేటు దగ్గరకు పోయే మా ఆయన, ఎండుచేపల మూట చూసి ఏకంగా వీధి చివరిదాకా పోయేవారు. ఆ ఏడు పిన్ని చేతిలో మూట లేదు. మొహం కూడా బాగా లేదు.

"సముద్రం ఊళ్లోకొచ్చేస్తందే" అంది కూర్చోగానే.

ఊరికీ సముద్రానికీ మధ్య ఒక ఇసుక దిబ్బ ఉంది. నేను చిన్నప్పుడు సెలవులకు వెళ్తే దాని మీద నుంచి జారేవాళ్లం. పిన్ని కాపురానికి వచ్చినప్పుడు దాని అవతల ఇంకో దిబ్బ ఉండేదట. అది ఎప్పుడో నీళ్లలో కలిసిపోయింది. ఇప్పుడు మిగిలిన దిబ్బకు వానాకాలం వచ్చినప్పుడల్లా ముందు భాగం కోసుకుపోతోంది. వెనక భాగాన్ని ట్రాక్టర్లు తవ్వుకుపోతున్నాయి. మంచినీళ్ల బావి ఉప్పెక్కింది. దిబ్బ మీదకు గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేళ్లు రావడం మానేశాయి.

"ఆఫీసర్లొచ్చి మీటింగు పెట్టారు. భూమి వేడెక్కతందంట, అందుకని సముద్రం పైకి లేస్తందంట. ఎవరు పొయ్యి మీద పెట్టారో మరి! మమ్మల్ని లోపలెక్కడో కాలనీలోకి పోతారా, ఇక్కడే ఉంటారా అనడిగారు. ఉంటాం, దిబ్బను కాపాడుకుంటాం అన్నాం ఆడోళ్లం. ఒక్క ఏడు చూస్తాం అన్నారు."

దిబ్బ మీద నాటడానికి సరుగుడు మొక్కలిస్తామన్నారట ఆఫీసర్లు. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. సరుగుడు ఏపుగా పెరగ్గానే ఎవడో ఒకడు కొట్టి అమ్ముకుంటాడు, మాకు తాడిచెట్లే కావాలి అన్నారు. ఒకప్పుడు ఆ దిబ్బ నిండా తాడిచెట్లే. రొయ్యల చెరువులొచ్చిన రోజుల్లో ఒక్కొక్కటే కొట్టేసుకున్నారు. ఇప్పుడు నాటుదామంటే చుట్టుపక్కల టెంకలే దొరకడం లేదు.

"ఓస్, ఇంతేనా! మా బడి ఊరి నిండా తాడిచెట్లే. ఎన్ని బస్తాలు కావాలో చెప్పు" అన్నాను. గొప్పలకు పోవడంలో నా తర్వాతే ఎవరైనా.

బడి తెరవగానే పెద్దమ్మతో విషయమంతా చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతూ చేట ఆపేసింది.

"సముద్రమంటే మన గోదారి పోయి కలిసేదే గదా?"

"అవ్, అదే."

"మరి మన నీళ్లే గదా పంతులమ్మా ఆడికి పోయేది. మన కాడ గోదారొస్తె మనం గుట్టెక్కుతం. మీ పిన్ని ఏడికెక్కుతది?"

అన్నేళ్లుగా సెలవులకు ఆ ఊరికి వెళ్లొచ్చినదాన్ని, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

పెద్దమ్మే ఊళ్లో అందరికీ చెప్పింది. భాద్రపదంలో పండ్లు రాలడం మొదలయ్యాక ఏ ఇంటి చెట్ల కింద పండ్లు ఆ ఇంటివాళ్లు ఏరి పెట్టారు. గుజ్జు పిల్లలకు, టెంకలు బస్తాల్లోకి. నెల రోజులు మా బడిలో ఏ పిల్లవాడి మూతి చూసినా పసుపే. పలకల మీద పసుపు, హాజరు పట్టీ మీద పసుపు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన సారు పట్టీ పట్టుకుని వాసన చూసి నావైపు చూశారు. నేను గోడ మీది మ్యాపు వైపు చూశాను.

బస్తాలు కుట్టే రోజు పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. "నేనెప్పుడు బయలెల్లాలె?" అనడిగింది.

"నువ్వెక్కడికి పెద్దమ్మా?"

"ఇత్తనం వెంట మనిషి పోవాలె గదా. ఇచ్చినింటోళ్లు పోయి మొదటిది మట్టిల పెట్టాలె. మా కాడ గట్లనే."

నాకు నవ్వొచ్చింది. సముద్రం చూడాలని ముచ్చటపడుతోంది, దానికో వంక వెతుక్కుంది అనుకున్నాను. "టెంకలేమైనా దారి తప్పిపోతాయా పెద్దమ్మా? లారీలో పోతాయి, మా పిన్ని దింపుకుంటుంది. నువ్వు లేకపోతే పిల్లలకు అన్నమెవరు వండుతారు?" అన్నాను. ఆమె కొత్త చీరతోనే ఆ రోజు పప్పు వండింది. ఆ చీర, ఆ పొగ తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను నాలుగు తిట్టుకుంటాను.

బస్తాలు బస్సు టాపు మీద ఖమ్మం చేరాయి. మిర్చియార్డు దగ్గర మా ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుని మరీ రాజమండ్రి వైపు వెళ్లే లారీలోకి ఎక్కించారు. అక్కడినుంచి పిన్ని ఊరికి ట్రాక్టర్. నేనూ వెళ్లాల్సిందే, కానీ అప్పుడే పరీక్షలు పడ్డాయి. ముట్టాయని ఎస్టీడీ బూత్ నుంచి పిన్ని ఫోన్ చేసింది. సంతోషం, ఇక దిబ్బ బతికినట్టే అనుకున్నాను.

డిసెంబరు సెలవులకు వెళ్లాను. కాళ్లు కడుక్కుని లోపలికి రాగానే పిన్ని పళ్లెం నిండా ఉడకబెట్టిన తేగలు తెచ్చి పెట్టింది. ఎన్నాళ్లయిందో తిని. ఒకటి చీల్చాను, లోపల నాలుకలా ఉండే చందమామ తీసి పక్కన పెట్టాను, పీచు లాగి కొరికాను. ఎంత కమ్మగా ఉందో. రెండోది తిన్నాను, మూడోది తిన్నాను. నాలుగోది చీలుస్తూ, "ఎక్కడివి పిన్నీ? మీ ఊళ్లో తాడిచెట్లు లేవన్నావుగా" అన్నాను.

పిన్ని నేల చూపులు చూసింది.

బస్తాలు దిగిన రోజు పిన్ని ఊళ్లో లేదు. దిబ్బ మీద నాటుకోవడానికి అనుమతి కాగితం కోసం మండలాఫీసుకు వెళ్లింది. ఇంట్లో ఉన్న తోటికోడలూ ఇరుగుపొరుగు ఆడవాళ్లూ బస్తాలు విప్పారు. భాద్రపదం వెళ్లాక తాటిటెంకలు కనిపిస్తే ఆ ఊళ్లో ఎవరి చేతులైనా చేసే పని ఒకటే. ఇసుకలో పాదు తీసి, టెంకలన్నీ దగ్గర దగ్గరగా పేర్చి, పైన మన్ను కప్పి నీళ్లు చల్లారు. పిన్ని వచ్చి చూసి, పోనీలే, కాగితం వచ్చేదాకా ఎండిపోకుండా ఉంటాయి అనుకుంది. కాగితం రావడానికి రెండు నెలలు పట్టింది. నాటుదామని పాదు విప్పేసరికి ఒక్కో టెంక కింద ఒక్కో లావుపాటి తేగ దిగి ఉంది. ఎవరో ఒకరు ఒకటి విరిచారు. ఎవరో పొయ్యిలో కాల్చారు. వాసన వీధంతా పాకింది. ఊరు ఊరంతా తిన్నారు.

"నేనూ తిన్నానే. అబద్ధమెందుకు" అంది పిన్ని.

నాలుగో తేగ చేతిలోనే ఉంది. నాకు ఒళ్లు తెలియలేదు. మా బడి పిల్లలు ఒక్కో టెంకా ఏరిన సంగతి, మా ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకున్న సంగతి అన్నీ ఏకరువు పెట్టాను. చివరికి, "మునగనీ మీ ఊరు! మీకు అదే కావాలి" అన్నాను. ఆ మాట పిన్నిని అన్నాను. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టిన పిన్నిని. ఆమె పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. ఇన్నేళ్లయినా ఆ మాట నాకు మరుపు రాదు.

సాయంత్రం ఒక్కదాన్నే దిబ్బ ఎక్కాను. చిన్నప్పుడు ఆయాసపడి ఎక్కిన దిబ్బను అప్పుడు నాలుగడుగుల్లో ఎక్కేశాను. నేను పెరిగినందుకు కాదు, అది తరిగిపోయింది. ఒట్టి ఇసుక, ఒక్క మొక్క లేదు. మళ్లీ టెంకలు కావాలంటే వచ్చే భాద్రపదం దాకా ఆగాలి. ఆఫీసర్లిచ్చిన ఏడాది గడువు ఈలోగా అయిపోతుంది.

బడికి వెళ్లగానే పిల్లలు చుట్టుముట్టారు. "టీచర్, మన చెట్లు మొలిచినయా?"

"మొలుస్తున్నయ్" అన్నాను. వారం రోజులు అలాగే అబద్ధం ఆడాను. చివరికి తట్టుకోలేక వంటగదిలోకి పోయి పెద్దమ్మకు జరిగిందంతా చెప్పేశాను. నేను కూడా మూడు తిన్నానని చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె గరిటె పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కింద కూర్చుండిపోయింది.

"గేగులు మంచిగున్నయా?" అంది కళ్లు తుడుచుకుంటూ. తేగలను వాళ్లు అలాగే అంటారు.

"పెద్దమ్మా, నేను ఏడవలేక చస్తుంటే!"

"ఇత్తనం ఒంటిగ పోతె అది ఎందుకొచ్చిందో ఆల్లకెట్ల తెలుస్తది పంతులమ్మా? నోరుందా దానికి? అందుకే మనిషి పోవాలె అన్న. నువ్వేమో నేను సముద్రం జూడనీకి ఆశపడుతున్న అనుకుంటివి."

నాకు తల కొట్టేసినట్టయింది. నేనలా అనుకున్నానని ఆమెకు ఆ రోజే తెలుసన్నమాట.

"చూడాలనీ ఉండె, అది గూడ నిజమే" అని మళ్లీ నవ్వింది.

పిన్నిని ఆ ఎస్టీడీ బూత్‌కు పిలిపించి ఫోన్లో క్షమించమన్నాను. ఆమె ఆ మాటే ఎత్తకుండా, "ఇంకొక్క ఏడు గడువడుగుతాం, నువ్వు మాత్రం మళ్లీ పంపు" అంది. ఊరి ఆడవాళ్లంతా కలిసి మండలాఫీసు ముందు రోజంతా కూర్చుని గడువు రాయించుకొచ్చారు. తేగలు తిన్న సిగ్గు కూడా వాళ్లనలా కూర్చోబెట్టిందని పిన్ని తర్వాత చెప్పింది.

మరుసటి భాద్రపదంలో టెంకల వెంట పెద్దమ్మ వచ్చింది. ఆ వారం అన్నం వండే పని ఆమె కోడలు చూసుకుంది. భద్రాచలంలో బస్సు మారి కిటికీ పక్కన కూర్చుంది. గోదావరి కనిపించినప్పుడల్లా "అగో, వస్తున్నది" అనేది, అది కూడా మాతోపాటు ఊరికి బయల్దేరినట్టు.

పిన్ని వాకిట్లో ఊరి ఆడవాళ్లంతా పోగయ్యారు. ఒక్కరూ తలెత్తడం లేదు. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, నిదానంగా, "చెల్లె, పోయినేడు గేగులు మంచిగున్నయట గదా?" అని అడిగింది. పిన్ని తోటికోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఫక్కుమంది. అంతే, వాకిలంతా నవ్వులే.

అందరం దిబ్బ మీదకు వెళ్లాం. పెద్దమ్మ సముద్రాన్ని చాలాసేపు చూసింది. కిందికి దిగి దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేసింది. "మన గోదారి గింత దూరమొచ్చి గిట్లయ్యిందా!" అంది బాధగా. వెనక్కి తిరిగి ఊరివైపు చూసి, "మరి నీళ్లొస్తె మీరు ఏడికెక్కుతరు చెల్లె?" అని పిన్నిని అడిగింది. ఏడాది కిందట నన్నడిగిన ప్రశ్నే.

పిన్ని కాళ్ల కిందకు చూపించింది. "ఇదే అక్కా. ఇంకేం లేదు మాకు."

పెద్దమ్మ గుంత తీసి మొదటి టెంక పెట్టింది. తమ భాషలో దానితో ఏదో చెప్పింది. తర్వాత ఇంటికో వరస పంచింది. ఏ ఇంటి వరస ఆ ఇంటివాళ్లే నాటాలి, ఆ ఇంటివాళ్లే కాయాలి. "ఏడాది దాంక పైన ఏం కనబడదు. మొలిచిందా లేదా అని తవ్వి చూడొద్దు. అది ముందుగాల కిందికి పోతది, తర్వాతే పైకొస్తది" అంది. ఎవరో, "తవ్వితే తినేస్తామని భయమా అక్కా?" అన్నారు. "అవ్, గందుకే" అంది. మళ్లీ నవ్వులు.

ఆమె చెప్పినట్టే అయింది. నెలలు గడిచినా దిబ్బ మీద పచ్చటి చిగురు లేదు. పిన్ని ఫోన్లలో దిగులు. ఆ రోజుల్లోనే ఇసుక ట్రాక్టర్లు మళ్లీ వచ్చాయట. ఆడవాళ్లు తమ తమ వరసల ముందు నిలబడ్డారు. "ఇక్కడేముందని అడ్డమొస్తారు? ఒట్టి ఇసుకేగా" అన్నాడట డ్రైవరు. "ఉంది. కింద ఉంది. మా ఇంటి వరస మీద టైరు పెట్టి చూడు" అందట పిన్ని. మా పిన్ని అంత మాట అనగలదని నేను కలలో కూడా అనుకోలేదు. వాళ్లు వంతులు వేసుకుని కాశారు, చుట్టూ ముళ్లకంప నాటారు. ట్రాక్టర్లు రావడం మానేశాయి. ముళ్లకంపకు తాబేలు గుడ్లు తవ్వి తినే కుక్కలు కూడా దూరమయ్యాయి. ఆ శీతాకాలం దిబ్బకు సముద్రం వైపు తాబేలు పాకిన జాడ కనిపించిందని పిన్ని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాతి వర్షాలకు ఒక్కో టెంక నుంచి ఒక్కో ఆకు కత్తిలా నిటారుగా పైకొచ్చింది.

ఇంకో రెండేళ్లకు గోదావరి పెద్దగా వచ్చింది. బడిలో కిటికీల దాకా నీళ్లు. పిల్లల్ని, బియ్యం డ్రమ్మును, హాజరు పట్టీలను పట్టుకుని ఊరంతా గుట్ట ఎక్కాం. అప్పటికి పిన్ని సెల్లు కొనుక్కుంది, నా చేతిలోనూ ఒకటుంది. గుట్ట మీద మాత్రమే దానికి సిగ్నలు అందేది. తడిసిన పుల్లలతో పొయ్యి రాజేస్తూ పెద్దమ్మ, "పంతులమ్మా, మన నీళ్లు బయలెల్లినయని చెల్లెకు చెప్పు" అంది. చెప్పాను.

ఆ నీళ్లు అక్కడికి చేరడానికి రెండు రోజులు. మాకు వరద తీయడం మొదలైనా నేను సిగ్నలు కోసం గుట్ట మీదే ఉన్నాను. పెద్దమ్మ కూడా నాతోనే ఉండిపోయింది. టీవీలో చూసి మా ఆయన ఖమ్మం నుంచి ఫోన్ చేసి, అక్కడ సముద్రం పోటు మీద ఉంది, గోదావరిని లోపలికి తీసుకోవడం లేదు, నీళ్లు కాలవల మీదుగా ఊళ్లలోకి తన్నుతున్నాయి అని చెప్పారు. పిన్ని ఫోన్ మోగుతోంది, తీయడం లేదు. మళ్లీ చేశాను. మళ్లీ మళ్లీ చేశాను. మునగనీ మీ ఊరు అన్న నా మాటే చెవిలో వినిపిస్తోంది.

మధ్యాహ్నం దాటాక పిన్నే చేసింది. గాలి హోరు తప్ప ఏమీ వినపడటం లేదు. పెద్దమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఆమె సెల్లు పట్టుకోవడం అదే మొదటిసారి. తలకిందులుగా పట్టుకుని, గోదావరి అవతలికి కూడా వినపడేలా అరిచింది.

"చెల్లె! ఎక్కినవా?"

పిన్ని గొంతు నాకూ వినిపించింది. "ఎక్కాం అక్కా! ఊరంతా ఎక్కాం. దిబ్బ నిలబడింది. పిల్లల్ని వరసల మధ్య కూర్చోబెట్టాం, మొక్కలు తొక్కకుండా."

నేను అక్కడే బండ మీద కూలబడి ఏడ్చేశాను. పెద్దమ్మ ఫోన్ నా ఒళ్లో పెట్టి, తడి కొంగుతో నా మొహం తుడిచింది.

"ఏంది పంతులమ్మా, ఇప్పుడేడుస్తవ్? ఆల్లు ఎక్కిన్రు గదా" అంది.